వేడికి చెడని ఎంజైములు: వాటి బిగువు, సడలిక

పాలు తోడుపెట్టు ప్రతి ఇల్లాలికిని తెలిసిన సంగతి యొకటి కలదు. పొయ్యిమీదనుండి దింపిన వెంటనే పాలలో మజ్జిగచుక్క వేసినచో పెరుగు కాదు. పాలు గోరువెచ్చనైన తరువాత వేసినచో తెల్లవారునప్పటికి గట్టిగా తోడుకొనును. చలికాలపు రాత్రి పాలు మరీ చల్లబడినచో తోడుకొనుట ఆలస్యమగును. తోడులోనున్న సూక్ష్మజీవులకు ఇంత వేడి కావలయును, ఇంతకు మించినచో చేటు అను హద్దు కలదని దీనివలన తెలియుచున్నది.

ఇక ఎరువుకుప్ప సంగతి చూడుడు. చెత్త, పేడ, మూత్రము కలిసిన మన్ను పొరలు పొరలుగా వేసి నీరు చిలికిన కొలది దినములకే కుప్ప నడుమ వేడి పుట్టును. అందు గ్రుచ్చిన గునపమును తీసి పట్టుకొన్నచో చేయి చురుక్కుమనును. "అయ్యా, పాలలోని పురుగు వేడికి చచ్చునని మీరే చెప్పితిరి. మరి కుప్పలోని పురుగు అంత కాకలో ఎట్లు బ్రతుకుచున్నది?" అని ఒక సంఘ సభ్యుడు ప్రదర్శన సమయమున నన్నడిగెను. ఇది మంచి ప్రశ్న. దీని జవాబు కేవలము వినోదమునకు కాదు. మనము కొను విత్తనముయొక్క స్వచ్ఛతను తేల్చు పరీక్షయు, మన ఎరువుయొక్క గుణమును, మనము డబ్బిచ్చి తెచ్చుకొను కల్చరు పొట్లముల ఫలితమును ఈ జవాబుతో ముడిపడియున్నవి.

ఈ వ్యాసమునందు చెప్పు డిగ్రీలన్నియు సెంటీగ్రేడు డిగ్రీలే. మనుష్యుని దేహపు వేడి 37 డిగ్రీలు. రోహిణి కార్తెలో మన యెండ 45 డిగ్రీలను ముట్టును. మరుగు నీరు 100 డిగ్రీలు. ఈ మూడు గుర్తులను మనస్సునందుంచుకొన్నచో తక్కిన లెక్కలు సులభముగా బోధపడును.

ఎంజైమనగా నేమి?

సూక్ష్మజీవి యేదైనను తన పనులను ఎంజైములచే చేయించుకొనును. పిండిపదార్థమును చక్కెరగా విడగొట్టునది యొకటి, క్రొవ్వును కోయునది యొకటి, గడ్డిలోని పీచును అరుగగొట్టునది మరియొకటి. ఇట్టి ఎంజైములు దాదాపుగా అన్నియు మాంసకృత్తులే. ఇరువది రకముల అమైనో ఆమ్లములు పూసలవలె ఒక దారమునకు గ్రుచ్చబడి, ఆ దారము తనంతట తాను మడతలుపడి ఉండకట్టినచో అది మాంసకృత్తగును. ఆ మడతలనడుమ ఒక చిన్న గూడు ఏర్పడును. పనిచేయవలసిన పదార్థము ఆ గూటిలోనికి వచ్చును. ఎంజైము దానిని పట్టుకొనును, కోయును లేదా అతుకును, విడిచిపెట్టును. ఈ పట్టు విడుపులు సెకనులో వందల మారులు జరుగవచ్చును.

పట్టుటకును విడుచుటకును ఎంజైము కదలవలయును. రాయివలె బిగుసుకొన్నది పనిచేయజాలదు. అట్లని దారమంతయు విప్పుకొనిపోయినను పనికిరాదు. గ్రుడ్డులోని తెల్లసొన నీళ్లవలె నుండి, ఉడికినపుడు తెల్లగా గట్టిపడుట మనమెరుగుదుము. వేడికి మాంసకృత్తుల మడతలు విడిపోయి, ఒకదానితో నొకటి చిక్కుపడుటయే దానికి కారణము. ఉడికిన గ్రుడ్డు చల్లారినను మరల పచ్చిసొన కానట్లే, చిక్కుపడిన ఎంజైము సాధారణముగా మరల పనికిరాదు.

బండిచక్రమును చూచిన రైతునకు ఈ సంగతి కొత్త కాదు. చక్రము ఇరుసుమీద మరీ బిగిసినచో ఎద్దులు లాగలేవు. మరీ వదులైనచో కడచీల ఊడి, చక్రము జారి, బండి దారిలో కూలబడును. బిగువును సడలికయు రెండును కావలయును. వాటి పాలు సరిగా నుండవలయును.

రెండు జాతుల సరిపోలిక

సూక్ష్మజీవులలో 20 మొదలు 45 డిగ్రీలవరకు గల వేడిలో సుఖముగా పెరుగునవి మధ్యమ జాతివి. మన చేనిమన్నులోను, పశువుల కడుపులోను, పెరుగులోను నుండునవి చాలవరకు ఇట్టివే. 45 డిగ్రీలకు పైన 80 డిగ్రీలవరకు పెరుగునవి వేడిని కోరు జాతివి. 80కి పైననే హాయిగా నుండునవియు కలవు. భద్రాచలము చెంత గుండాలయొద్ద గోదావరి యిసుకలో ఊరు ఉష్ణగుండములవంటి చోట్లు ఇట్టివాటికి నివాసములు. వేడెక్కిన ఎరువుకుప్పయు వాటికొక ఇల్లే. 60 మొదలు 80 డిగ్రీల వేడిగల కంపోస్టు కుప్పలనుండి థర్మస్ అను జాతి బాక్టీరియాను తీసి పెంచినట్లు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించిరి. ఈ థర్మస్ పేరు మరల ముందు వచ్చును.

ఈ రెండు జాతులకును ఒకే పని చేయు ఎంజైములు కలవు. గూడు ఒకటే, పని ఒకటే, ఆకారమును ఇంచుమించు ఒకటే. అయినను ఒకటి 50 డిగ్రీలకే చెడిపోవును, మరియొకటి 80 డిగ్రీలలో చెక్కుచెదరదు. భేదమెచ్చట నున్నది?

1998లో హంగేరీ దేశపు శాస్త్రజ్ఞుడు జావోద్‌స్కీయు ఆయన తోడివారును దీనిని పరీక్షించిరి. మన కడుపులోనుండు ఎషెరీషియా కోలై యను బాక్టీరియానుండి ఒక ఎంజైమును, వేడియూటలలో నుండు థర్మస్ థర్మోఫిలస్ నుండి అదే పనిచేయు ఎంజైమును తీసికొనిరి. ఆ ఎంజైములలోని హైడ్రోజను అణువులు చుట్టునున్న నీటిలోని అణువులతో ఎంత త్వరగా మారకము చెందుచున్నవో కొలిచిరి. మడతలు క్షణకాలము తెరచుకొన్నపుడే లోపలి అణువులు మారగలవు. కుట్లు వదులైన గోనెలోనికి తేమ త్వరగా దిగినట్లు, సడలిక గల ఎంజైములో ఈ మార్పు త్వరగా జరుగును. 25 డిగ్రీలయొద్ద చూడగా వేడిజాతి ఎంజైము మిక్కిలి బిగువుగా నుండెను, మధ్యమ జాతిది సడలియుండెను. కాని ప్రతిదానిని దాని పనివేడికి తెచ్చి చూడగా రెండింటి సడలికయు ఇంచుమించు సమానమయ్యెను. అనగా వేడి దేనినైనను సడలించును. వేడిలో బ్రతుకవలసినది మొదటనే బిగువుగా కట్టబడినది. దాని ఊరి యెండకు అది సరిగా పనిచేయునంత సడలును.

2004లో అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయమున మరియొక జంటను పరిశీలించిరి. ఈ ఎంజైమునకు పెట్టెవలె మూత కలదు. మూత తెరచుకొన్నగాని చేసిన సరుకు వెలికి రాదు. 20 డిగ్రీలయొద్ద మధ్యమ జాతి ఎంజైముయొక్క మూత సెకనుకు సుమారు 286 మారుల చొప్పునను, మిక్కిలి వేడియూటలలోని అక్విఫెక్స్ అను బాక్టీరియాదాని మూత సుమారు 44 మారుల చొప్పునను తెరచుకొనుచుండెను. మూత మూసికొను వేగములో పెద్ద తేడా లేదు. వేడిజాతిది చల్లనిచోట మందముగా పనిచేయుటకు మూత తెరచుకొనుటలోని ఆలస్యమే కారణమని తేలినది.

బిగువు ఎట్లు వచ్చుచున్నది? ఒక్క ఉపాయము కాదు. దారముపై అచ్చటచ్చట ధనవిద్యుత్తు గల పూసలును ఋణవిద్యుత్తు గల పూసలును ఎదురెదురుగా వచ్చి కట్లవలె పట్టుకొనును. వెలికి వ్రేలాడు వంపులు పొట్టివగును. నడుమ నీరు చొరకుండ పూసలు గాదెలో ధాన్యమువలె ఒత్తుగా సర్దుకొనును. థర్మోలైసిన్ అను ఎంజైము కాల్షియమును మేకులవలె వాడుకొనును.

ఇచ్చట ఒక హెచ్చరిక కావలయును. వేడిజాతి ఎంజైములన్నియు అన్నివిధముల బిగువైనవే యని తీర్పు చేయరాదు. 2000లో జర్మనీ శాస్త్రజ్ఞులు పిండిని విడగొట్టు రెండు ఎంజైములను పోల్చగా, వేడికోర్చుదానిలోనే అతిసూక్ష్మమైన, అతివేగమైన అదురు ఎక్కువగా కనబడెను. వరి వెన్ను గాలికి ఊగును, వేరు కదలదు. ఆ ఊగుటవలననే కాడ విరుగకుండును. కదలికలో చిన్న అదురు వేరు, మూత తెరచుకొను పెద్ద కదలిక వేరు, మడత విప్పుకొనుట వేరు. ఏది ఎచ్చట నున్నదో చూడవలయును.

నాంపల్లిలో ఈ ఎంజైముకు గల పని

సహకార బ్యాంకు పనిమీద ట్రూప్ బజారుకు వచ్చు మన సభ్యులు అబిడ్సునుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా నాంపల్లి నుమాయిష్ మైదానమువైపు నడచినచో గాంధీభవనమునకు ఎదురుగా గృహకల్ప భవనములు కనబడును. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖవారు 1996లో స్థాపించిన డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగు సంస్థ, అనగా సి.డి.ఎఫ్.డి., తొలుత నాచారములో నుండి, పిదప పలు సంవత్సరములు ఈ గృహకల్పలోను సమీపముననే తుల్జాగూడ భవనములోను పనిచేసినది. ఇపుడది ఉప్పలుకు మారినది. తండ్రి బిడ్డల సంబంధమును తేల్చుట, నేరస్థులను గుర్తించుట ఆ సంస్థకు పేరు తెచ్చిన పనులు. కాని రైతునకు కావలసిన పనియు ఆ సంస్థవారు చేసిరి. సాంప్రదాయపు బాసుమతిని, దానిని పోలిన ఇతర బియ్యమును డి.ఎన్.ఏ. గుర్తులచే వేరుపరచు పరిశోధనను జె. నాగరాజు, ఇ.ఎ. సిద్దిఖ్, ఎస్.ఇ. హస్నేన్ మొదలగువారు 2002లో ప్రకటించిరి. కంటికి ఒక్కటిగానే కనబడు రెండు గింజలు ఆ పరీక్షలో వేరువేరని తేలును.

ఈ పరీక్షకు మూలము పి.సి.ఆర్. అను పద్ధతి. గింజలోనున్న డి.ఎన్.ఏ. అత్యల్పము. దానిని చూచుటకు నకళ్లు తీసి పెంచవలయును. డి.ఎన్.ఏ. రెండు పేటల త్రాడువంటిది. 95 డిగ్రీలకు కాచినచో పేటలు విడిపోవును. కొంత చల్లార్చి, 72 డిగ్రీలయొద్ద ఒక ఎంజైముచే ప్రతిపేటకును జోడుపేట నేయింతురు. ఒకటి రెండగును. మరల కాచి మరల నేసినచో నాలుగగును. ఇట్లు 30 మారులు రెట్టింపైనచో నూరుకోట్లకు మించును. అమెరికాలో కారీ ముల్లిస్ 1983లో ఈ పద్ధతిని కనుగొనెను; 1993లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

మొదట దీనికొక చిక్కు వచ్చినది. అప్పుడు వాడిన ఎంజైము మధ్యమ జాతి బాక్టీరియాది. కాచిన ప్రతిమారును అది చెడిపోవుచుండెను. ప్రతిమారును కొత్త ఎంజైము పోయవలసి వచ్చెను. మారుమారుకు కొత్త ఎద్దును కట్టి దున్నినట్లుండెను. ఈ చిక్కు థర్మస్ అక్వాటికస్ వలన విడిపోయినది. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడియూటలలో థామస్ బ్రాక్, ఆయన శిష్యుడు హడ్సన్ ఫ్రీజ్ దీనిని పట్టుకొనిరి. 1969లో దీనికి పేరుపెట్టి ప్రకటించిరి. దాని ఎంజైమును 1976లో వేరుచేసిరి. 1988నాటికి అది పి.సి.ఆర్.లో స్థిరపడినది. దీనిని టాక్ ఎంజైమందురు. 95 డిగ్రీలలో నలుబది నిమిషములున్నను దానిలో సుమారు సగము పనికివచ్చునదిగానే మిగులును. ఒక్కమారు వేసినచో పని ముగియువరకు చాలును.

ఈ టాక్ ఎంజైమే బిగువుయొక్క ఖరీదును కూడ చూపుచున్నది. 70 డిగ్రీలయొద్ద అది సెకనుకు 60కి మించి డి.ఎన్.ఏ. పూసలను కూర్చును. 37 డిగ్రీలయొద్ద ఒకటిన్నర మాత్రమే. 22 డిగ్రీలయొద్ద పావు; అనగా ఒక్క పూసకు నాలుగు సెకనులు పట్టును. వేడిలో వాయువేగము, చలిలో నత్తనడక. అదే ఎంజైము, అవే పూసలు, మారినది సడలిక.

రైతునకు దీనివలన కలుగు లాభమేమి? సంకర వరివిత్తనములో బెరకు కలిసినదా యని తెలిసికొనుటకు పూర్వము ఒక కారు పంట పెంచి చూడవలసియుండెను. పంట పెరిగి బెరకు కనబడునప్పటికి విత్తనపు డబ్బును, ఏడాది కష్టమును పోయియుండును. రాజేంద్రనగరములోని వరి పరిశోధనాలయమువారును, తార్నాక - ఉప్పల్ మార్గములోని సి.సి.ఎమ్.బి. వారును కలిసి సంకర వరి స్వచ్ఛతను డి.ఎన్.ఏ. గుర్తులచే తేల్చు విధానమును 2002లో ప్రకటించిరి. మొలకనుండియో గింజనుండియో నాట్లకు ముందే కొలది దినములలో సంగతి తేలును. ఎరువుకుప్పలోని థర్మస్ జాతి చుట్టమొకటి ఈ పనికి ఆధారమని తెలిసినపుడు ఏ రైతునకు ఆశ్చర్యము కలుగదు?

హైదరాబాదులో మధ్యమ జాతి ఎంజైమును బిగించిన విధము

వేడిజాతిని వెదకి తెచ్చుట యొక మార్గము. మన వద్దనున్న మధ్యమ జాతి ఎంజైమునే బాగుచేయుట రెండవ మార్గము. ఈ రెండవ పనిని సి.సి.ఎమ్.బి.లో ఎన్. మధుసూదనరావు, ఆర్. శంకరనారాయణన్ మొదలగువారు చేసిరి. వారు తీసికొన్నది బాసిల్లస్ సబ్టిలిస్ అను సామాన్యమైన మన్నుబాక్టీరియాయొక్క లైపేజు, అనగా క్రొవ్వును కోయు ఎంజైము. వారు చేసినది రైతు చేయు పనియే. రైతు చేనిలో వేల వెన్నులు చూచి, మేలైనవి యేరి, మరుసటి యేడు విత్తి, మరల యేరును. వారును ఎంజైముయొక్క దారములో అక్కడక్కడ పూసలు మారునట్లు చేసి, అట్లు పుట్టిన అనేక రకములను కాచి పరీక్షించి, వేడికి నిలిచినవాటిని యేరి, మరల మార్చిరి.

2008లో ప్రకటించిన ఫలితమిది. రెండు తరములలో ఆరు మేలైన మార్పులు దొరకినవి. ఆ ఆరును కలిపిన ఎంజైము విప్పుకొనిపోవు వేడి 15 డిగ్రీలు పెరిగెను. వేడిలో చెడిపోవు వేగము పదిలక్షలవంతు తగ్గెను. అన్నిటికన్న చెప్పుకొనవలసినది, 25 మొదలు 65 డిగ్రీలవరకు దాని పని రెట్టింపునుండి అయిదురెట్లవరకు పెరుగుట. 2011నాటికి ఇంకను కొన్ని తరములు గడచి, మొదటిదానికన్న 22 డిగ్రీలు హెచ్చుగా, 78 డిగ్రీలవరకు నిలుచు ఎంజైము సిద్ధమయ్యెను. అది కాచినను చిక్కుపడి ముద్దకట్టదు. దాని రూపమును పరిశీలింపగా, వ్రేలాడు వంపులును, చుట్టల కొసలును మిగిలిన ఉండకు గట్టిగా కట్టబడియుండుట కనబడినది.

ఇందలి సారము గమనింపదగినది. బిగువు పెరిగినచో పని తప్పక తగ్గవలయునను నియమము లేదు. చక్రమునకు ఇనుపపట్టా బిగువుగా నుండవలయును, ఆకులు కదలరాదు, కాని ఇరుసు కందెనతో తిరుగవలయును. బిగింపవలసినచోట బిగించి, సడలియుండవలసినచోట విడిచినవాడే మంచి వడ్రంగి.

సభ్యులు ఆచరింపవలసిన సంగతులు

1. ఎరువుకుప్పను వేడెక్కనిండు. మధ్యభారతములోని ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డు 1924 తరువాత నేర్పిన కంపోస్టు పద్ధతికి ఇదియే ప్రాణము. తొలుత మధ్యమ జాతి పనిచేసి వేడి పుట్టించును. పిదప వేడిజాతి అందుకొనును. 55 డిగ్రీలు దాటి కొన్ని దినములు నిలిచినచో కలుపు గింజలును, తెగుళ్ల బీజములును చాలవరకు నశించును. కుప్ప చిన్నదైనచో వేడి నిలువదు. ఎండిపోయినచో పుట్టదు. 70 డిగ్రీలు దాటినచో పనిచేయు సూక్ష్మజీవులలో పెక్కు నశించును. అపుడు తిరగవేయుడు, నీరు చిలుకుడు. అంచులనున్నది నడుమకు వచ్చునట్లు తిరగవేసినగాని అంచులలోని కలుపు గింజలు చావవు.

2. రైజోబియము మొదలగు కల్చరు పొట్లములు మధ్యమ జాతి జీవులు. వాటిని ఎండలోను, బండి పైకప్పుమీదను, రేకుల కొట్టులోను ఉంచరాదు. బెల్లపు నీరు కాచి కలుపునపుడు అది పూర్తిగా చల్లారినగాని పొట్లము విప్పరాదు. కలిపిన విత్తనమును నీడనే ఆరబెట్టి, ఆలస్యము చేయక విత్తవలయును. పొట్లముమీది గడువు తేదీని చూచియే కొనవలయును. చచ్చిన కల్చరుకును బ్రతికిన కల్చరుకును కంటికి భేదము కనబడదు. నష్టము చేనిలోనే కనబడును.

3. కోళ్లు పెంచు సభ్యులు దాణాలో కలుపు ఫైటేజు ఎంజైమునుగూర్చి విచారింపవలయును. దాణాను ఆవిరితో కాచి గుళికలు చేయునపుడు వేడి 80 డిగ్రీల ప్రాంతమునకు పోవును. వేడికోర్వని ఎంజైము అచ్చటనే చెడిపోవును. సంచిమీది పేరుమాత్రము మిగులును. ఇది గుళికల వేడికి నిలుచునదా, కోడి కడుపులోని వేడియొద్ద పనిచేయునదా యని రెండు ప్రశ్నలును అడుగుడు. మొదటిదానికి మాత్రమే జవాబు వచ్చినచో చాలదు.

4. "మా మందు ఎంత చలిలోనైనను ఎంత వేడిలోనైనను ఒక్కరీతిగా పనిచేయును" అని చెప్పు అమ్మకందారును వెంటనే నమ్మరాదు. ఏ డిగ్రీలనుండి ఏ డిగ్రీలవరకు పనిచేయునో వ్రాతమూలముగా చూపుమని అడుగవలయును.

5. విత్తనపు సంచికి కుట్టిన చీటీని, రసీదును, పిడికెడు విత్తనమును పంట యింటికి వచ్చువరకు పొడిచోట దాచియుంచుడు. అనుమానము కలిగినపుడు ఒక్కొక్కరు వేరువేరుగా తిరుగుటకన్న, సంఘము పేరున ఒకే నమూనాను వ్యవసాయ శాఖవారి విత్తన పరీక్షాలయమునకు పంపుట మేలు. ఖర్చు పంచుకొనబడును, ఫలితము ఊరంతటికిని ఉపయోగించును. నమూనాను నాట్లకు ముందు పంపుట మరువరాదు.

ఎరువుకుప్పలో పురుగు ఎట్లు బ్రతుకుచున్నదని అడిగిన సభ్యునకు జవాబిది: కుప్ప నడుమనున్నది పాలలోని జాతి కాదు. దాని ఎంజైములు ఆ వేడికి తగినట్లు బిగింపబడినవి; ఆ వేడిలోనే తగినంత సడలి పనిచేయును. కుప్ప చల్లారినపుడు అది మందగించును, మధ్యమ జాతి మరల తన పనికి వచ్చును. ఈ రెండు జాతులచే వంతులవారీగా పనిచేయించుకొనుటయే కంపోస్టు చేయుటలోని నేర్పు. ప్రతి సంఘమును పొడవైన కాడగల ఉష్ణమాపకమొకటి కొని కార్యాలయములో నుంచి సభ్యులకు వంతులచొప్పున ఇచ్చుట మంచిది. గునపము వేడిని చెప్పును గాని డిగ్రీలను చెప్పజాలదు.